మధ్యలో ఆగిన కుట్టు

మా ఇంట్లో నడుం నొప్పి లేని మనిషి లేడు. స్కూళ్ళు తెరవడానికి ముందు వచ్చే యూనిఫాం సీజన్ అంటే మాకు అంతే. ముందు గది నిండా మిషన్లు, నడవా నిండా గుడ్డ తానులు, వంటింటి గుమ్మం దాకా కత్తిరించిన ప్యాంటు ముక్కలు. పొద్దున్న కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి కొయ్యబారిపోతాడు. నడుం నొప్పిని మేం రోగంగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మా ఆయనైతే దాని మీద జోకులేస్తూనే ఇంత వయసు గడిపేశారు.

అందుకే ఆ వేసవిలో మా కోడలు మిషన్ మీంచి లేచి, నడుం మీద చెయ్యేసుకుని, "మావయ్యా, నడుం లాగేస్తోంది" అనగానే ఆయన గుండీల డబ్బా పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు.

"హమ్మయ్య! ఇప్పటికి మా ఇంటి మనిషివయ్యావమ్మా!" అని అందరికీ వినపడేలా చాటి, లోపలికెళ్ళి వేణ్ణీళ్ళ సంచి నింపి తెచ్చి స్వయంగా కోడలి చేతికిచ్చారు. ఎర్ర రబ్బరు సంచి అది. సీజన్ నడిచినన్నాళ్ళూ ఒకరి నడుం మీంచి ఇంకొకరి నడుం మీదికి తిరుగుతూనే ఉంటుంది. అందరం పడీ పడీ నవ్వాం. కోడలు కూడా నవ్వి, సంచిని కుర్చీకి ఆనించుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

దానికప్పుడు అయిదో నెల. కడుపు ఇంకా పెద్దగా తెలియడం లేదు. వాంతులు తగ్గాయి, అన్నం సయిస్తోంది, మొహంలో కళొచ్చింది. మూడు నెలలు దాటాయి కదా, ఇంక గండం గడిచినట్టేనని అందరం నిశ్చింతగా ఉన్నాం. కూర్చుని కుట్టేదే కదా, బరువులు ఎత్తుతోందా ఏమన్నానా అనుకున్నాం. కోడలు మా ఇంటికొచ్చాకే మిషన్ నేర్చుకుంది. నేర్పినవాడు మా అబ్బాయే. ఏడాది తిరిగేసరికి వాడికంటే బాగా కుట్టింది. ఈ మాట నేను వాడి ముందే అంటాను.

నన్ను వెనకాల 'కత్తెరమ్మ' అంటారు. ముందర అనే ధైర్యం మా దగ్గర బట్టలు ఇస్త్రీ చేసే, అందరూ ఇస్త్రీ బాబాయి అని పిలిచే ఆయన ఒక్కడికే ఉంది. నా చేతిలో కత్తెర ఎప్పుడూ ఉండదు, ఆ పేరు నా నోటికి పెట్టారు. నా పని చెకింగ్. కుట్టిన ప్రతి బట్టా నా బల్ల మీదికి రావాలి. కుట్టు మీద బొటనవేలు ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకి లాగుతాను. బాగుంటే 'పాస్' అంటాను. బాగోకపోతే ఏమంటానో ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద.

ఆ రోజు భోజనాల వేళ దాటింది. కోడలు కుట్టిన ప్యాంట్లు బల్ల మీదున్నాయి. ప్యాంటు పక్క కుట్టు నడుం దగ్గర మొదలైతే పాదం దగ్గర దాకా ఒకటే పరుగు. మధ్యలో ఆపితే, మళ్ళీ మొదలుపెట్టిన చోట చిన్న గడ్డలా పడుతుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. కోడలి కుట్టులో అలాంటిది నేను ఏనాడూ చూడలేదు. అలాంటిది ఆ పూట మొదటి ప్యాంటులోనే వేలికి తగిలింది. రెండోదాంట్లోనూ తగిలింది. మూడోది తిరగేసి చూస్తే దారం తెగి అతికింది కాదు, చెయ్యి ఆగి మళ్ళీ కదిలింది.

నాకు తిక్కరేగింది. ప్యాంట్లు భుజాన వేసుకుని దాని మిషన్ దగ్గరికి వెళ్ళాను.

"ఏమే పిల్లా, ఇదేమన్నా ప్యాసింజరు బండా, ప్రతి స్టేషన్లో ఆపడానికి?"

"ఆగి ఆగి కుట్టానత్తయ్యా. నడుం పట్టేసినప్పుడు ఆపేసి, తగ్గాక కుడుతున్నా."

"తగ్గడమేంటి?"

"అదేనత్తయ్యా, వస్తుంది, కాసేపుండి పోతుంది. బాగానే ఉందనుకునేసరికి మళ్ళీ వస్తుంది."

భుజాన ఉన్న ప్యాంట్లు దాని మిషన్ మీద పెట్టేశాను. మిషన్ నడుం నొప్పి సంగతి నన్నడగాలి. అది మొండి చుట్టం లాంటిది. వచ్చిందంటే చాప పరుచుకుని కూర్చుంటుంది, లేచి నాలుగడుగులు తిరిగితే కాస్త సర్దుకుంటుంది. అంతేగానీ కూర్చున్న మనిషికి కూర్చున్నట్టే వచ్చి పోతూ ఉండదు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవ్వరికీ ఆ నొప్పి వచ్చి పోలేదు.

"లే" అన్నాను. చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"ఇప్పుడు సిగ్గుపడకుండా చెప్పు. నడుమేనా, ఇంకేమన్నా ఉందా?"

అది మంచం అంచున కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "కింద బరువుగా ఉంటోందత్తయ్యా. ఏదో కిందికి తోస్తున్నట్టు. అయిదో నెల కదా, బిడ్డ పెరుగుతోందేమో అనుకున్నా."

"పొత్తికడుపులో?"

"బయట చేరే ముందు ఉంటుందే, అలా సన్నగా."

"తెలుపు అవుతోందా?"

"నీళ్ళలా అవుతోంది. ఇంతకుముందు ఇలా లేదు. నిన్నట్నుంచి కొంచెం గులాబీ రంగు." నా మొహం చూసి గబగబా అంది, "రక్తం కాదత్తయ్యా. రక్తమైతే చెప్పనా?"

"ఎవరికన్నా చెప్పావా?"

"మీ అబ్బాయికి చెప్పా, నడుం నొప్పని. వచ్చే వారం ఎలాగూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలిగా, అప్పుడడుగుదామనుకున్నా. ఇంత పనిలో మిమ్మల్ని హైరానా పెట్టడమెందుకని..."

మా అబ్బాయి కంటే ముందు నాకొక బిడ్డ ఉండాల్సింది. అయిదో నెల నిండకుండా పోయింది. ఇలాంటి సీజన్లోనే, ఇలాగే నడుంలో మొదలై, ఇలాగే కింద బరువెక్కి, ఇలాగే నీళ్ళలా అయి. అప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

తలుపు తీసి నేరుగా ముందు గదిలో మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళాను. కిందికి లాగేశాను.

మిషన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఫ్యాన్లు కూడా ఆగాయి. యూనిఫాం సీజన్లో, పట్టపగలు, మా ముందు గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇస్త్రీ బాబాయి పెట్టె ఎత్తి పట్టుకుని, "కరెంటు పోయిందా?" అన్నాడు.

"పోలేదు. నేనే తీశా."

మా ఆయన గుండీల డబ్బా పట్టుకునే లేచి వచ్చారు. "నీకేమన్నా మతిపోయిందా? రేపు సరుకు వెళ్ళాలి! ఆ స్కూలు మేనేజరు నా పీక మీద కూర్చున్నాడు!"

"కూర్చోనివ్వండి. బట్టలు అందకపోతే పిల్లలు నాలుగు రోజులు పాత చొక్కాలేసుకుంటారు. చదువేం ఆగిపోదు." అబ్బాయి వైపు తిరిగాను. వాడు కటింగ్ బల్ల దగ్గర చెవిన సుద్ద, చేతిలో కత్తెర పెట్టుకుని నిలబడున్నాడు. "కత్తెర కింద పెట్టు. కారు పిలు. ఆస్పత్రికి."

"నడుం నొప్పేగా అమ్మా?"

"కాదు."

వాడు కత్తెర బల్ల మీద పెట్టి ఫోను తీశాడు.

కోడలే గునిసింది. "అత్తయ్యా, ఇంత చిన్నదానికి... తీరా అక్కడికెళ్ళాక ఏమీ లేదంటే నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ళతో పాటు నేనూ కూర్చుని నవ్వుతా. టీలు కూడా నేనే తాగిస్తా. పద."

కారులో దాన్ని పక్కకి ఒత్తిగిలి పడుకోమని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా నాలో నేను పోట్లాట సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. వాళ్ళు రేపు రమ్మంటే ఏమనాలి, వరసలో కూర్చోమంటే ఏమనాలి, కడుపుతో ఉన్నవాళ్ళకి నడుం నొప్పి మామూలే అంటే ఏమనాలి. అన్నిటికీ ఒకదాన్ని మించిన జవాబు ఇంకొకటి నూరి పెట్టుకున్నాను.

అదంతా దండగైంది. బల్ల దగ్గర నర్సమ్మకి, "అయిదో నెల, నడుం నొప్పి వచ్చి వచ్చి పోతోంది, కింద తోస్తున్నట్టుంది, నీళ్ళలా గులాబీ రంగులో అవుతోంది" అన్నానో లేదో, ఆవిడ రాస్తున్న పెన్ను పడేసి లేచింది. చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చింది. "మంచి పని చేశారు, వెంటనే తెచ్చారు" అంటూ కోడల్ని లోపలికి తీసుకుపోయింది. నూరుకున్న జవాబులన్నీ నోట్లోనే పెట్టుకుని వెనకాలే పరిగెత్తాను.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది. చిన్న చుక్క టిక్కుటిక్కుమంటూ కొట్టుకుంటోంది.

"బిడ్డ బాగుంది. గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఉమ్మనీరు కూడా పోలేదు." ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. "కానీ గర్భసంచి మూతి పొట్టిదైపోయింది, కొంచెం తెరుచుకోవడం కూడా మొదలైంది. నెలలు నిండే దాకా గట్టిగా మూసుకుని ఉండాల్సిన మూతి ఇది."

"తెరుచుకుంటే?" అబ్బాయి అడిగాడు. వాడి చెవిన సుద్ద ఇంకా అలాగే ఉంది.

"ఈ నెలలో బయటికొస్తే బిడ్డ బతకదు."

కోడలు నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే గాజులు గుచ్చుకున్నాయి.

"ఏం చేస్తారు?" అన్నాను.

"ముందు పడుకోబెట్టి చూస్తాం. నొప్పులు సద్దుమణగాలి, లోపల ఇన్‌ఫెక్షన్ లేదని తేలాలి. ఆ రెండూ కుదిరితే మూతి చుట్టూ కుట్టు వేసి బిగిస్తాం."

"కుట్టా?"

"అవునమ్మా. చుట్టూ దారం దూర్చి, సంచి మూతి లాగి కట్టినట్టు."

"నాడా ఎక్కించినట్టా?"

డాక్టరమ్మ నా వైపు పరీక్షగా చూసింది. "దాదాపు అదే. మీరేం చేస్తుంటారు?"

"ఆవిడ చెకింగ్" అన్నాడు మా అబ్బాయి ఏడుపుగొంతుతో. అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

"నిలుస్తుందా డాక్టరమ్మా? ఉన్నమాట చెప్పండి."

"మాటివ్వలేను. నిలిచే అవకాశం బాగానే ఉంది. ఇంకో రెండు రోజులు నడుం నొప్పే అనుకుని ఇంట్లో కూర్చుంటే మాత్రం కుట్టు వేయడానికి చోటు కూడా మిగిలేది కాదు."

సాయంత్రానికి మా ఆయన వచ్చారు. వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. చేతిలో గుడ్డ సంచి, దాంట్లోంచి ఎర్ర రబ్బరు మూతి కనపడుతోంది. కంగారులో ఏం తేవాలో తెలీక ఆ వేణ్ణీళ్ళ సంచే నింపి తెచ్చారు.

నేను దాని వంక చూశాను. "అప్పుడు కూడా మీరు ఇదే తెచ్చారు."

ఆయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అప్పుడు తెలీదే" అన్నారు.

"నాకూ తెలీదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంచి ఇంకా వెచ్చగా ఉంది. ఇద్దరం ఒకళ్ళ మీద కోపం ఒకళ్ళకి లేకుండా దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఆ బిడ్డ గురించి మేం మాట్లాడుకున్నది అంతే, అది చాలు.

కోడలికి నొప్పులు సద్దుమణిగాయి. ఇన్‌ఫెక్షన్ లేదని పరీక్షల్లో తేలింది. మర్నాడు కుట్టు వేశారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరమ్మ మొహానికి కట్టిన గుడ్డ కిందికి లాగి, "బిగించాను" అంది. ఆ ఒక్క మాటకి నేను గోడకి చేరబడి ఏడ్చేశాను. నేను ఏడవడం చూసి భయపడి మా అబ్బాయి కూడా ఏడ్చాడు. వాణ్ని ఓదార్చాల్సి రావడంతో నా ఏడుపు ఆగింది.

ఇంక ఇల్లు తలకిందులైంది. మిషన్ తొక్కడానికి వీల్లేదు, బరువు ఎత్తడానికి వీల్లేదు, జ్వరం వచ్చినా, చుక్క నీరు కారినా, రక్తం కనపడినా, నొప్పి మళ్ళీ మొదలైనా అదే నిమిషం బయలుదేరి రావాలని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. సరుకు సంగతేంటి? ఇద్దరి పని ఒక్కతే చేసే మనిషి మిషన్ మీంచి లేచిపోయింది. నేను కళ్ళజోడు సవరించుకుని దాని మిషన్ మీద కూర్చున్నాను. నేను ప్యాంట్లు కుట్టి ఎన్నాళ్ళయిందో. నా ప్యాంట్లు ఎవరు చెక్ చేయాలి? కోడలే మంచం మీద పడుకుని చేసింది. మొదటి ప్యాంటే వెనక్కి కొట్టింది!

"అత్తయ్యా, ఇదేమన్నా ప్యాసింజరు బండా?" అంది పక్క కుట్టు మీద వేలు పెట్టి.

ముందు గదిలో అందరికీ వినపడింది. ఇస్త్రీ బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. నేను ఒళ్ళు మండినట్టు మొహం పెట్టాను గానీ లోపల ప్రాణం లేచొచ్చింది. అది మళ్ళీ వేళాకోళం ఆడుతోంది.

అప్పటికీ పని తెమలలేదు. చివరికి మా ఆయన పరువంతా పక్కన పెట్టి ఎదురు షాపుకి వెళ్ళారు. ఆ టైలరుకీ మాకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆయన విషయం విని, తన పని కొంత ఆపి, మా చొక్కాలన్నీ తీసుకెళ్ళి కుట్టించి పంపాడు. జేబులు మావాటి కంటే నీటుగా ఉన్నాయి. ఆ మాట వెళ్ళి ఆయన మొహం మీదే చెప్పి వచ్చాను. సరుకు నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళింది. స్కూలు మేనేజరు ఫోన్లో ఎగిరెగిరి పడ్డాడు. మా ఆయన అంతా విని, "మా కోడలు బాగుందండీ, అడిగినందుకు సంతోషం" అని పెట్టేశారు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కోడలు పిలిచింది. "అత్తయ్యా, కడుపు బిగుసుకుంటోంది."

ఈసారి దానికి నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. మెయిన్ స్విచ్ కూడా నేను తీయలేదు, ఇస్త్రీ బాబాయే పరిగెత్తుకెళ్ళి లాగేశాడు. అవసరం లేకపోయినా! ఆస్పత్రిలో చూసి అంతా బాగానే ఉందన్నారు. కోడలు మొహం చిన్నబుచ్చుకుంటే డాక్టరమ్మ కసిరింది. "ఇలాగే రావాలి. ఉత్తినే పదిసార్లు రా, ఏం పర్లేదు. రావాల్సిన ఒక్కసారి ఇంట్లో కూర్చోకు."

ఇచ్చిన మాట ప్రకారం అందరికీ టీలు తాగించాను.

అప్పట్నుంచి మా వర్క్‌షాపులో ఒక పద్ధతి పడిపోయింది. నడుం నొప్పి అన్నవాళ్ళకి ఎవరూ వేణ్ణీళ్ళ సంచి వెంటనే ఇవ్వరు. ముందు మా ఆయన అడుగుతారు, "పట్టుకుని కూర్చుందా, వచ్చి పోతోందా?" అని. బట్టలు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని కూడా వదలరు. ఒకరోజు అలవాటులో ఇస్త్రీ బాబాయినే అడిగారు.

"వచ్చి పోతోంది బావా" అన్నాడు ఆయన బట్టతల తడుముకుంటూ. "నాకెన్నో నెలంటావ్?"

తొమ్మిదో నెలలో కుట్టు విప్పారు. విప్పిన దారం చూపించమని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ ఏమీ అనుకోకుండా చిన్న పళ్ళెంలో తెచ్చి చూపించింది. తెల్లటి సన్నటి పట్టీ, దాని కొసన ముడి. ఇన్ని నెలలు రెండు ప్రాణాల్ని నిలిపిన ముడి. దగ్గరగా వంగి తీరిగ్గా చూశాను. ఎక్కడా పిగల్లేదు.

"పాస్" అన్నాను.

"బతికించారు" అంది డాక్టరమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఓ ఉదయం పూట, నా మనవరాలు పుట్టింది. పుట్టీ పుట్టగానే ఎత్తుకున్న ఏడుపు వరండా ఆ చివరి దాకా వినపడింది. మా ఆయన కంగారుగా లేచి నిలబడితే, "ఏడవనివ్వండి, హాయిగా ఏడవనివ్వండి" అన్నాను.

లోపలికి పిలిచి నర్సమ్మ నా చేతుల్లో పెట్టింది. అప్పటికీ ఆపలేదు ఆ పిల్ల. ఎర్రగా, ముడతలు పడి, పిడికిళ్ళు బిగించి, మేమంతా ఏదో బాకీ ఉన్నట్టు అరుస్తోంది. కోడలు దిండు మీంచి తల తిప్పి చూసింది. అలసిపోయి ఉంది, అయినా దాని కళ్ళలో ఆ వేళాకోళం పోలేదు.

"చెక్ చేయరా అత్తయ్యా?"

పిల్లని భుజం మీద వేసుకున్నాను. మెడ కింద బొటనవేలు ఆనించి, ఆ చిట్టి వెన్ను మీదుగా నడుం దాకా మెల్లగా లాగాను. ఒకటే పరుగు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నోరు తెరిచాను గానీ మాట బయటికి రాలేదు. కత్తెరమ్మకి నోరు పడిపోవడం మా వాళ్ళందరూ ఆ ఒక్కరోజే చూశారు.

నా వెనకాల నిలబడ్డ మా ఆయన నా బదులు అనేశారు.

"పాస్!"

ఎంత గట్టిగా అంటే, నర్సమ్మ వచ్చి ఆయన్ని బయటికి పంపేసింది.